పిల్లలు ఎలా ఆలోచిస్తున్నారో తెలుసుకోవడం: ఛాత్రోపాధ్యాయులు చిన్న పరిశోధన చేసే పద్ధతి

డీఎడ్‌లోనో బీఎడ్‌లోనో చేరిన ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు "చర్యాత్మక పరిశోధన రికార్డు ఎప్పుడు ఇస్తారు?" అనే మాట వినపడుతుంది. తరగతిలో ఎదురైన సమస్యను టీచరే పరిశీలించి సరిదిద్దే చిన్న పరిశోధన అది. అప్పుడు చాలామంది సీనియర్ల రికార్డు తెచ్చుకుని పేర్లు, తేదీలు మారుస్తారు. కాస్త ఓపిక ఉన్నవాళ్లు "ఉన్నత పాఠశాల విద్యార్థుల ప్రజ్ఞపై ఒక అధ్యయనం" అని పెద్ద పేరు పెట్టి, నెట్‌లో దొరికిన ప్రశ్నావళి పంచి, సగటు, ప్రామాణిక విచలనం కట్టి చేతులు దులుపుకుంటారు. రెండు రకాల రికార్డుల్లోనూ పిల్లల ఆలోచన గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. టీచింగ్ ప్రాక్టీస్‌కు వెళ్లిన బడిలోనే, రెండు నెలల్లోపు, పెద్దగా ఖర్చు లేకుండా పనికొచ్చే పరిశోధన చేయవచ్చు. నాలుగో తరగతి తీసివేతలను ఉదాహరణగా పెట్టుకుని ఆ పద్ధతి చెబుతాను. మీ సబ్జెక్టు వేరైనా నడవాల్సిన దారి దాదాపు ఇదే.

ముందు ప్రశ్నను కుదించండి

శీర్షికలో ప్రజ్ఞ, ఆలోచన, సృజనాత్మకత లాంటి మాటలు ఒంటరిగా నిలబడి ఉంటే అనుమానించండి. రెండు నెలల్లో వాటిని తేల్చడం ఎవరి వల్లా కాదు. తరగతిలో మీ కంట పదే పదే పడిన ఒక్క తప్పును పట్టుకోండి. నాలుగో తరగతి నోటు పుస్తకాలు దిద్దినవాళ్లకు ఇది బాగా తెలిసిన తప్పే: 52 - 27 = 35. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేశారు. మనం అజాగ్రత్త అనుకుని ఎర్ర ఇంకుతో కొట్టేస్తాం. అదే పిల్ల 81 - 46 కు 45 అనీ, 63 - 38 కు 35 అనీ రాస్తోందా? అయితే ఆ పిల్ల దగ్గర ఒక నియమం ఉంది, దాన్ని చాలా జాగ్రత్తగానే పాటిస్తోంది. అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో ప్రచురించిన పరిశోధనలో తీసివేతల్లో ఇలాంటి తప్పుడు నియమాలను వరసపెట్టి పట్టుకుని, కంప్యూటర్ ప్రోగ్రాముల్లో దోషాలకు వాడే బగ్ అనే పేరే వాటికీ పెట్టారు.

తప్పు జవాబును ఇలా గౌరవంగా చూడటం స్విస్ మనస్తత్వవేత్త పియాజెతో బాగా బలపడింది. ఆయన కుర్రతనంలో ప్యారిస్‌లో థియొడోర్ సిమోన్ దగ్గర పనిచేశారు. ఇంగ్లండ్‌లో సిరిల్ బర్ట్ తయారుచేసిన తార్కిక ప్రశ్నలను ఫ్రెంచి పిల్లలకు సరిపోయేలా ప్రమాణీకరించడం ఆయనకు అప్పగించిన పని. ఎంతమంది ఒప్పు రాశారన్న లెక్క ఆయనకు త్వరగానే విసుగెత్తింది. ఒక వయసు పిల్లలు అందరూ ఒకే రకంగా ఎందుకు తప్పుతున్నారన్నది మాత్రం పట్టేసుకుంది. మీరు అడగబోయే ప్రశ్న కూడా అదే.

కాబట్టి శీర్షిక ఇలా ఉండొచ్చు: "అప్పు తెచ్చుకునే తీసివేతల్లో నాలుగో తరగతి పిల్లలు వాడే సొంత నియమాలు, పుల్లల కట్టలతో వాటిని సరిదిద్దే ప్రయత్నం." పొడుగ్గా ఉందని గైడ్ అంటే అననివ్వండి. చదివినవాళ్లకు మీరేం చేశారో అర్థమైతే చాలు.

సిద్ధాంతాలన్నీ కుక్కకండి

టెట్ కోసం బట్టీ పట్టిన వరస మీకు గుర్తే: 1904లో స్పియర్‌మన్ ద్వికారక సిద్ధాంతం, 1938లో థర్‌స్టన్ ఏడు ప్రాథమిక సామర్థ్యాలు, గిల్‌ఫర్డ్ ఘనం, 1983లో గార్డ్‌నర్ బహుళ ప్రజ్ఞలు, 1985లో స్టెర్న్‌బర్గ్ త్రిముఖ సిద్ధాంతం. రికార్డులో వీటన్నిటికీ తలా ఒక పేజీ ఇస్తే పేజీలు పెరుగుతాయి, అంతే. ఏ సిద్ధాంతాన్నయినా ఉంచాలా తీసేయాలా అని తేల్చుకోవడానికి నేను వాడే ప్రశ్న ఒకటుంది: పిల్లను నేను ఏం అడగాలో ఇది నాకు చెబుతోందా?

స్పియర్‌మన్, థర్‌స్టన్ చాలామందికి రకరకాల పరీక్షలు పెట్టి, ఆ మార్కుల మధ్య సహసంబంధాల నుంచి తమ సిద్ధాంతాలు కట్టారు. మనుషులు ఒకరి నుంచి ఒకరు ఎలా తేడాగా ఉంటారో అవి చెబుతాయి. ఒక పిల్ల తలలో 52 - 27 చేసేటప్పుడు ఏం జరుగుతోందో చెప్పవు. గార్డ్‌నర్ సిద్ధాంతం బళ్లలో చాలా పాపులర్. అయితే "వీడికి సంగీత ప్రజ్ఞ, దానికి ప్రాదేశిక ప్రజ్ఞ" అని పిల్లలను డబ్బాల్లో పెట్టడానికి దాన్ని వాడితే పరిశోధన మొదలవ్వకముందే ముగిసినట్టు. దాని పక్కనే తిరిగే ఇంకో నమ్మకం అభ్యసన శైలులు: చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అంటూ చెప్పేది. శైలికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారాలు లేవని హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లో సమీక్షించి చెప్పింది. శిక్షణల్లో మాత్రం ఇంకా చెబుతూనే ఉన్నారు. మీ రికార్డులోకి రానివ్వకండి.

మన ప్రశ్నకు ఇద్దరు చాలు. ఎలా అడగాలో పియాజె నుంచి, ఎలా సాయం చేస్తూ కొలవాలో రష్యన్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ నుంచి తీసుకుందాం.

ఐక్యూ పరీక్ష జోలికి వెళ్లొద్దు

"మేడమ్, ముందు ఐక్యూ చూసి గ్రూపులు చేస్తే?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. వద్దు. 1905లో బినే, సిమోన్ ప్యారిస్‌లో మొదటి మాపని తయారుచేసింది బడిలో అదనపు సాయం ఎవరికి కావాలో గుర్తించడానికి. ప్రజ్ఞ పుట్టుకతో వచ్చే మార్పులేని గుణమనే వాదనను బినే గట్టిగా ఖండించారు. మానసిక వయసును అసలు వయసుతో భాగించే ఆలోచన 1912లో విలియం స్టెర్న్‌ది. దాన్ని ప్రజ్ఞాలబ్ధి(ఐక్యూ)గా ప్రచారంలోకి తెచ్చింది 1916లో స్టాన్‌ఫర్డ్‌లో టెర్మన్.

చరిత్ర అలా ఉంచితే, అసలు ఇబ్బంది ప్రమాణాలది, అంటే పిల్ల స్కోరును ఎవరి స్కోర్లతో పోల్చాలన్నది. భాటియా నిష్పాదన పరీక్షమాల 1955 నాటిది, 11 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం చేసింది. అంటే నాలుగో తరగతికి అసలు పనికిరాదు. ఇంకో చిక్కు: అమెరికాలో 1932 నుంచి 1978 మధ్య సగటు స్కోరు 13.8 పాయింట్లు పెరిగిందని జేమ్స్ ఫ్లిన్ 1984లో చూపించారు. పాత ప్రమాణాలతో ఇప్పటి పిల్లలను కొలిస్తే అంకె ఉన్నదానికంటే పెద్దగా వస్తుంది. నెట్‌లో దొరికే ప్రశ్నావళికి ఆ పాటి ప్రమాణాలు కూడా ఉండవు. ఒక పిల్లకు నిజంగా అంచనా అవసరమని మీకు అనిపిస్తే తరగతి టీచర్‌కు, తల్లిదండ్రులకు చెప్పి అర్హత ఉన్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపమనండి. మేధోవైకల్యం ఉన్నవాళ్ల కోసం ఈ పని చేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోనే ఉంది.

అనుమతి

హెడ్‌మాస్టర్‌కు ఒక పేజీ ఉత్తరం రాయండి: ఏం చేస్తారు, ఎన్ని పీరియడ్లు, ఏం రికార్డు చేస్తారు. తల్లిదండ్రుల సంతకం తీసుకోండి, సంతకం రానివాళ్లకు చదివి వినిపించండి. పిల్లను కూడా అడగండి, "వద్దు" అంటే వదిలేయండి. వీడియో అవసరం లేదు, ఆడియో చాలు. కాగితాల మీద పేర్లు తీసేసి పి1, పి2 అని కోడ్ వేసుకోండి. స్టాఫ్‌రూమ్‌లో "ఎవరు వెనకబడ్డారు?" అని అడుగుతారు, చెప్పకండి. టీచరు ఆశలు పిల్లల స్కోరును మార్చగలవని 1968లో రోసెంతాల్, జాకబ్‌సన్ చూపించారు. ఆ ప్రభావం ఎంతన్న దానిపై తర్వాత చాలా వాదనలు జరిగాయి. కానీ మీ వల్ల ఒక పిల్ల మీద ముద్ర పడే అవకాశం ఎందుకివ్వాలి?

ప్రశ్నపత్రం

పన్నెండు తీసివేతలు చాలు. వాటిని ఊరికే పోగేయకండి, ప్రతి లెక్క ఒక నియమాన్ని బయటపెట్టాలి. 68 - 25 లాంటివి మూడు పెట్టండి, అప్పు లేనివి. ఇవే రాకపోతే సమస్య వేరే. 52 - 27 లాంటివి నాలుగు. 70 - 46 లాంటివి రెండు: ఇక్కడ 36 వస్తే చిన్నదాన్ని పెద్దదాంట్లోంచి తీసే నియమం, 30 వస్తే "సున్నాలోంచి ఏమీ పోదు, కాబట్టి సున్నా" అనే నియమం. 403 - 128 లాంటివి మూడు. వీటిలో 325 వస్తే మొదటి నియమమే. 375 వస్తే మాత్రం కాస్త ఆగి చూడండి: పిల్ల సున్నాను తొమ్మిది చేసింది, వందల నుంచి ఒకటి తగ్గించడం మర్చిపోయింది. ఈ పిల్లకు అప్పు తెలుసు, పద్ధతిలో ఒక మెట్టు జారింది. 325 రాసిన పిల్లకూ 375 రాసిన పిల్లకూ మార్కు సున్నాయే. ఇద్దరికీ కావాల్సిన పాఠం మాత్రం ఒకటి కాదు.

ఇదే నమూనాలో అంకెలు మార్చి రెండో పత్రం కూడా ఇప్పుడే తయారుచేసుకోండి. ఒకటి "అ", ఒకటి "ఆ". పక్క సెక్షన్‌లో ముగ్గురు నలుగురికి ఇచ్చి చూస్తే అచ్చుతప్పులు, టైమ్ సరిపోకపోవడం లాంటివి బయటపడతాయి.

పిల్ల పక్కన కూర్చోవడం

పరిశోధన మొత్తానికి ప్రాణం ఇదే, టైమ్ ఎక్కువ ఇవ్వాల్సిందీ దీనికే. తరగతి అంతా పత్రం రాశాక ఆరుగురినో ఎనిమిది మందినో ఎంచుకోండి. తక్కువ మార్కులవాళ్లనే తీసుకోకండి, తేడా నియమాలు వాడినవాళ్లు ఉండేలా చూడండి, అన్నీ ఒప్పు చేసినవాళ్లను ఇద్దరిని కలపండి. ఒప్పు జవాబు వెనక కూడా విచిత్రమైన దారులుంటాయి.

ఒక్కొక్కరితో పదిహేను, ఇరవై నిమిషాలు. బల్లకు ఎదురుగా కూర్చుంటే వైవా లాగా ఉంటుంది, పక్కన కూర్చోండి. పిల్ల ఇంటి భాషలోనే మాట్లాడనివ్వండి. పుస్తకం ఇంగ్లిష్ మీడియం అయినా "ఫిఫ్టీ టూ" అని చదివి, లెక్క తెలుగులోనో ఉర్దూలోనో లంబాడీలోనో చేసుకునే పిల్లలు చాలామంది. ఏ భాషలో లెక్కపెట్టిందో కూడా రాసుకోండి.

మొదటి మాట: "ఈ లెక్క మళ్లీ చెయ్యమ్మా. చేస్తూ నీ మనసులో ఏమనుకుంటున్నావో పైకి చెప్పు." పిల్ల ఆగిపోతే "ఇప్పుడేమనుకుంటున్నావు?" అనండి. "ఎందుకలా చేశావు?" అనకండి, అది మందలింపులా వినపడి పిల్ల సాకు వెతుక్కుంటుంది.

నోటితో చెప్పించడం అయ్యాక పియాజె వాడిన ఎదురు సూచన: "ఇంకో బడిలో ఒకబ్బాయి దీనికి 25 అన్నాడు. వాడు చెప్పింది రైటేనా?" తన నియమం మీద పిల్లకు ఎంత నమ్మకం ఉందో ఇక్కడ తెలుస్తుంది. కొందరు వెంటనే "అవును, నేనే తప్పు" అంటారు. అది అర్థమై చెప్పినదా, టీచర్ అడిగారని జారుకోవడమా? తేల్చడానికి వెంటనే ఒప్పు చేసిన లెక్క మీద కూడా ఒక తప్పుడు ఎదురు సూచన ఇవ్వండి. దానికీ "అవును" అంటే మిమ్మల్ని సంతోషపెట్టడానికే అంటోందన్నమాట.

ఒకే ప్రశ్నను మాటలు మార్చకుండా రెండుసార్లు అడగడం ప్రమాదం. టీచర్ మళ్లీ అడిగారంటే మొదటి జవాబు తప్పని పిల్లలు అనుకుంటారు. పియాజె పదిలపరచుకునే భావన (అమరిక మారినా సంఖ్య, పరిమాణం మారవన్న గ్రహింపు) ప్రయోగాల్లోనే ఈ లోపం ఉందని 1974లో సూజన్ రోజ్, మారియన్ బ్లాంక్ చూపించారు. రెండుసార్లకు బదులు ఒక్కసారే అడిగితే పిల్లలు మెరుగ్గా చేశారు. అదే ఏడు మెక్‌గారిగిల్, డొనాల్డ్‌సన్ పేర్చిన బిళ్లల వరసను ఒక అల్లరి టెడ్డీ బొమ్మతో చెదరగొట్టించారు. పెద్దవాళ్లు కావాలని కదిపినప్పటి కంటే చాలా ఎక్కువ మంది నాలుగు, ఐదేళ్ల పిల్లలు సంఖ్య మారలేదని సరిగ్గా చెప్పారు. అందుకే "పూర్వప్రచాలక దశలో (పియాజె చెప్పిన రెండు నుంచి ఏడేళ్ల దశ) ఉంది కాబట్టి రాదు" అని రాసేముందు మీరు అడిగిన తీరును ఓసారి అనుమానించుకోండి.

తర్వాత కాగితం పక్కన పెట్టేయండి. బొమ్మ నోట్లు, నాణేలు ఇచ్చి "నీ దగ్గర 52 రూపాయలున్నాయి, 27 రూపాయల బిస్కెట్లు కొన్నావు, ఎంత మిగిలింది?" అని చేయించండి. బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో వీధుల్లో అమ్ముకునే ఐదుగురు పిల్లలను కరాహెర్, ష్లీమన్ బృందం పరిశీలించి 1985లో ప్రచురించింది. బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో 98 శాతం ఒప్పు చెప్పారు, కాగితం మీద ఉత్త అంకెలతో ఇచ్చినప్పుడు 37 శాతమే. మన దగ్గర కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద జరిగిన పరిశోధన 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. అక్కడా బేరంలో చకచకా లెక్క కట్టినవాళ్లు బడి లెక్కల్లో తడబడ్డారు. బడి లెక్కల్లో మెరుగైన పిల్లలు మార్కెట్ లెక్కల్లో తడబడ్డారని కూడా అందులో తేలింది. మీ పిల్ల డబ్బులతో 25 అని, కాగితం మీద 35 అని చెబితే రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి "ఏది రైటు?" అని అడగండి. ఆ నిమిషంలో పిల్ల చెప్పేది ఒక్క ముక్క పోకుండా రాసుకోవాలి.

చివరగా సాయం. ఇద్దరు పిల్లలు ఒంటరిగా చేస్తే ఎనిమిదేళ్ల స్థాయిలోనే ఉంటారు, సాయం అందితే ఒకరు తొమ్మిదేళ్లవాళ్లకు ఇచ్చే లెక్కలు, ఇంకొకరు పన్నెండేళ్లవాళ్లకు ఇచ్చేవి చేయగలరు. ఈ ఇద్దరూ సమానమా అని వైగాట్‌స్కీ అడిగారు. దాన్ని మీరు నాలుగు మెట్ల సూచనలుగా చేయవచ్చు. ఒకటి: "ఇంకోసారి చూస్తావా?" రెండు: "పైన ఎన్ని ఉన్నాయి, వాటిలోంచి ఎన్ని తీయాలి?" మూడు: పదేసి పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు ఇచ్చి "27 తియ్యి" అనడం. నాలుగు: ఒక కట్ట విప్పడం మీరే చేసి చూపించడం. ఏ మెట్టు దగ్గర పిల్ల దారిలో పడిందో ఆ అంకె రాసుకోండి. మార్కుల కంటే ఈ అంకె మీకు ఎక్కువ పనికొస్తుంది. ప్రతి పిల్లకూ అవే మెట్లు, అదే వరస. మధ్యలో జాలిపడి మూడో మెట్టుకు దూకకండి.

వర్గీకరణ

ఆడియో విని అదే రోజు మాటలు రాసేయండి, వారం ఆగితే మీరు వినాలనుకున్నదే వినపడుతుంది. తర్వాత ప్రతి తప్పుకూ ఒక పేరు: చిన్నది పెద్దదాంట్లోంచి, సున్నా మిగలడం, వందలు తగ్గించకపోవడం, కూడేయడం, లెక్కింపు తప్పు, అర్థం కానిది. ఆఖరి వర్గం తప్పక ఉంచండి. అన్నీ చక్కగా ఏదో ఒక డబ్బాలో సర్దుకున్నాయంటే మీరు బలవంతంగా సర్దారనే అర్థం. ఇరవై ముప్పై జవాబులను మీ క్లాస్‌మేట్‌కు ఇచ్చి మీ కోడ్ చూడకుండా వర్గీకరించమనండి. నూటికి ఎన్ని కలిశాయో రాయండి. కలవనివాటి మీద ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే వర్గాల నిర్వచనాలు పదునెక్కుతాయి. విశ్వసనీయత గురించి పుస్తకంలో చదివింది ఇక్కడ చేత్తో చేసినట్టవుతుంది.

బోధన, మళ్లీ పరీక్ష

పుల్లల కట్టలతో రెండు వారాలు బోధించి రెండో పత్రం పెడితే మార్కులు పెరుగుతాయి, దాదాపు ఖాయం. అది మీ బోధన వల్లేనా? ఇక్కడే ఎక్కువ రికార్డులు పడిపోతాయి. మొదటి పరీక్షలో అట్టడుగున వచ్చిన ఎనిమిది మందినే తీసుకున్నారనుకోండి. వాళ్లలో కొందరికి ఆ రోజు జ్వరమో, నిద్ర చాలకపోవడమో ఉండి ఉంటుంది. మీరేమీ చేయకపోయినా రెండోసారి వాళ్ల మార్కులు సగటు వైపు కదులుతాయి. ఇంగ్లండ్ శాస్త్రవేత్త గాల్టన్ పందొమ్మిదో శతాబ్దంలోనే తల్లిదండ్రులు, పిల్లల ఎత్తుల్లో గమనించిన సంగతి ఇది. పైగా ఆ రెండు వారాలూ క్లాస్ టీచర్ కూడా ఖాళీగా కూర్చోరు కదా.

రెండు సెక్షన్లు ఉంటే మార్గం ఉంది. ఒక సెక్షన్‌కు ఇప్పుడు బోధించండి, రెండోదానికి మూడు వారాల తర్వాత. మధ్యలో రెండింటికీ పరీక్ష పెట్టండి. ఎవరికీ అన్యాయం జరగదు, పోల్చడానికి ఒక తరగతి దొరుకుతుంది. పత్రాలు కూడా మార్చండి: సగం మంది ముందు "అ" రాస్తే, మిగతా సగం ముందు "ఆ" రాయాలి. ఒక్కటే సెక్షన్ ఉంటే తరగతి మొత్తానికీ బోధించండి, ఆపేసిన మూడు వారాల తర్వాత మళ్లీ ఒక పత్రం పెట్టి ఎంత నిలిచిందో చూడండి. కారణం తేల్చలేదని రికార్డులో ఒప్పుకోండి.

ఎనిమిది మంది మీద టి-పరీక్ష (రెండు సగటుల మధ్య తేడా యాదృచ్ఛికమేనా అని చూసే లెక్క) వేసి "0.05 స్థాయిలో సార్థకం" అని రాయాలన్న సరదా అందరికీ ఉంటుంది. గైడ్ తప్పనిసరి అంటే వేయండి, కానీ దాని పక్కనే ఒక పట్టిక పెట్టండి: పిల్ల కోడ్, ముందు వాడిన నియమం, ఏ మెట్టు సాయం పట్టింది, తర్వాత వాడిన నియమం. చదివేవాళ్ల కన్ను ఆ పట్టిక మీదే ఆగుతుంది. మార్కులు పెరగకపోయినా నియమం మారిన పిల్లలు ఉంటారు. 325 నుంచి 375 కు వెళ్లిన పిల్ల అలాంటిదే. మార్కుల్లో ఆ మార్పు సున్నా.

రాయడం

కాలేజీ ఇచ్చిన వరస పాటించండి: అవసరం, లక్ష్యాలు, పరికల్పన, పద్ధతి, సాధనాలు, విశ్లేషణ, ఫలితాలు, సూచనలు. పరికల్పన (ఏం తేలుతుందని అనుకుంటున్నారో) పరిశోధనకు ముందే రాసి తేదీ వేసి పెట్టుకోండి, ఫలితం చూశాక మార్చకండి. సిద్ధాంతాలకు రెండు పేజీలు దాటనివ్వకండి. పిల్లల మాటలను వాళ్లు అన్నట్టే ఉంచండి. "రెండులోంచి ఏడు పోదు కదా టీచర్, అందుకే తిప్పి తీశా" అన్న వాక్యాన్ని "విద్యార్థి ప్రతిస్థాపన దోషం ప్రదర్శించెను" అని మార్చేస్తే మీరు కష్టపడి సంపాదించిందంతా పోతుంది. "అన్ని ప్రభుత్వ పాఠశాలల్లోనూ" అని మొదలయ్యే సూచనలు కొట్టేయండి, మీరు చూసింది ఒక బడి.

రికార్డు కాలేజీకి ఇచ్చేముందు క్లాస్ టీచర్‌కు రెండు పేజీల కాగితం ఇవ్వండి. ఒక పేజీలో ఆ తరగతిలో కనిపించిన నియమాలు, ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ. రెండో పేజీలో ఏ సూచన ఎక్కువ మందికి పట్టిందో. పేర్లు వద్దు. మిగిలిన పుల్లల కట్టలు అక్కడే వదిలేయండి, ఫోన్‌లో ఆడియోలు వైవా అయ్యాక తీసేయండి.